ఈస్ట్ లోథియన్ పావురాల బురుజులు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

ఎడిన్‌బరాలో ఉండే మనవాళ్ళు వీకెండ్ వస్తే హైలాండ్స్ బస్సెక్కేస్తారు, కానీ పక్కనే ఈస్ట్ లోథియన్‌లో పాత ఎస్టేట్ల పావురాల బురుజులు ఉన్నాయి, అక్కడివాళ్ళు డూకాట్ అంటారు, వాటికి ఒక రోజు తప్పకుండా కేటాయించండి.

నా ఓటు ఫాంటాసీ డూకాట్‌కే. ఈస్ట్ లింటన్ స్టేషన్‌ని 2023 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు కాబట్టి ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం, ఆపైన ప్రెస్టన్ మిల్లు అనే పాత నీటి మిల్లు దాకా నడిచి, టైన్ నది మీది చిన్న వంతెన దాటితే చాలు. కింద లావుగా, పైకి సన్నబడుతూ వెళ్ళే గుండ్రటి రాతి గోడ. పావురాలకి ఎండ తగలాలని పైకప్పుని దక్షిణానికి వాల్చారు. లోపల 500 దాకా గూళ్ళు. ఇలాంటి బురుజుల గోడలకి బయట చుట్టూ రాతి పట్టీలు పొడుచుకొచ్చి కనిపిస్తే గమనించండి, ఎలకలు పైకి పాకకుండా కట్టినవి అవి. దొరవారి పావురాలు చుట్టుపక్కల కౌలు రైతుల గింజలు తిని బలిసేవి, వాటి పిల్లలు ఎగరకముందే దొర భోజనంలోకి వెళ్ళేవి. ఇలాంటి బురుజులు అందరూ కట్టేస్తున్నారని 1617లో చట్టమే చేసి, దగ్గర్లో పెద్ద దిగుబడి భూమి ఉన్నవాళ్ళకే అనుమతి ఇచ్చారు. ఇది తెలిసి చూస్తే ఆ రాళ్ళని చూసే చూపే మారిపోతుంది. లండన్‌లో పాత వాటర్లూ వంతెనకి డిజైన్ ఇచ్చిన జాన్ రెన్నీ 1761లో పుట్టింది కూడా ఈ ఫాంటాసీ ఎస్టేట్‌లోనే. చాలామంది మిల్లు ఫోటోలు తీసుకుని వెనక్కి తిరిగిపోతున్నారు, చాలా బాధేస్తుంది.

లోపలికి వెళ్ళి గూళ్ళు దగ్గరగా చూడాలంటే మాత్రం డర్ల్‌టన్ కోట నయం. అక్కడి డూకాట్‌లో వెయ్యికి పైగా గూళ్ళు, పైగా అదే టికెట్ మీద తోట కూడా చూడొచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇక్కడికే వెళ్ళండి.

రాత్రికి నార్త్ బెర్విక్‌లో ఒక చిన్న బీ అండ్ బీలో (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే బస) ఉన్నాం. గది శుభ్రంగా ఉంది కానీ హీటర్ రాత్రి పదికల్లా ఆపేశారు, అడిగితే రెండో దుప్పటి ఇచ్చారు. శాకాహారులమని ముందే చెప్పాం కాబట్టి పొద్దున బంగాళాదుంప స్కోన్లు, పుట్టగొడుగులు, బీన్స్ పెట్టారు, కడుపు నిండింది. రైలు, బస్సు రెండూ ఉన్నాయి కాబట్టి కారు అక్కర్లేదు. ప్రెస్టన్ మిల్లు చలికాలంలో మూసేస్తారు, అందుకని మే నుంచి సెప్టెంబర్ మధ్య పెట్టుకోండి, బూట్లు మాత్రం బురదకి తట్టుకునేవి వేసుకోండి.