గొంతువాపు టీకాకు ఏ పోషక ద్రవం మేలు: మాంసం రసమా, సోయా పెప్టోనా?

తొలకరికి ముందు కోనసీమ లంక గ్రామాల్లో పశువులకు వేసే గొంతువాపు టీకాలో ఉండేది చంపిన పాశ్చరెల్లా మల్టోసిడా బ్యాక్టీరియా. వానలు పడి పశువు నీరసించిన రోజుల్లో ఈ రోగం సోకితే గేదె ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. అందుకే ఆ బ్యాక్టీరియాను దేనిలో పెంచుతున్నారో రైతుకూ తెలియాలని నా అభిప్రాయం.

పాత పద్ధతిలో పశువుల గుండె, మెదడు ఉడికించిన రసం, పాలలోని మాంసకృత్తి కేసీన్ వాడతారు. పెరుగుదలకు తిరుగులేదు. భయమంతా ముడిసరుకు గురించే. 1986లో బ్రిటన్‌లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధికి మూలమైన ప్రియాన్లు (రూపం చెడిన మాంసకృత్తులు) 121 డిగ్రీల ఆవిరికి పూర్తిగా చావవు, టీకాలో వాడే ఫార్మలిన్‌కూ లొంగవు. మన దేశంలో ఆ వ్యాధి నమోదు కాకపోయినా, పశువు అవయవాల సారాన్ని మళ్లీ పశువుకే సూదితో ఎక్కించడం నాకు నచ్చదు.

సోయా మాంసకృత్తులను ఎంజైములతో చిన్న ముక్కలుగా జీర్ణం చేసిన సోయా పెప్టోన్‌కు ఈస్ట్ సారం కలిపితే ఆ బెడద పోతుంది. పాశ్చరెల్లాకు తప్పనిసరైన నికోటినమైడ్, పాంటోథెనిక్ ఆమ్లం అనే బి విటమిన్లు ఈస్ట్ నుంచి అందుతాయి. సోయాలోని చక్కెరలు పులిసి ఆమ్లం పెరుగుతుంది కనుక క్షారం కలుపుతూ పీహెచ్ నిలపాలి. ఒక్కో డబ్బా ఒక్కోలా ఉండటం దీని అసలు లోపం. బ్యాక్టీరియా పెరిగి ద్రవం చిక్కబడగానే సంబరపడకూడదు. పశువుకు రక్షణ కలగడానికి బ్యాక్టీరియా చుట్టూ ఉండే గుళిక పొర ముఖ్యం. బ్యాక్టీరియాను పదే పదే కొత్త ద్రవంలోకి మార్చి పెంచితే ఆ పొర పోతుంది. పొర నిలిచిందో లేదో చూడని పోలికకు విలువ లేదు.

ప్రతి పదార్థాన్నీ తూచి కలిపే రసాయన మాధ్యమం మూడోది. కోరింత దగ్గు బ్యాక్టీరియాకు 1970లో స్టెయినర్, షోల్టే ఇలాంటిది రూపొందించారు. ప్రతి విడతా ఒకేలా ఉంటుంది, కానీ ఖర్చెక్కువ. ఊరూరా చవగ్గా అందాల్సిన పశువుల టీకాకు అంత భారం వద్దు.

నేనైతే సోయా వైపే నిలుస్తాను, ఒక షరతుతో. సోయాను పంది క్లోమం ఎంజైములతో జీర్ణం చేసి ఉంటే అది జంతురహితం కాదు. బొప్పాయి పాల నుంచి తీసే పపైన్‌తో చేసినదే అడగాలి. మూల కల్చర్‌ను, అంటే ప్రతి విడతకూ విత్తనంగా దాచే బ్యాక్టీరియాను, వెన్న తీసిన పాలలో ఆరబెట్టి దాచే అలవాటూ ఉంది. అక్కడ సుక్రోజ్ లేదా ట్రెహలోజ్ వాడి చూసి, కల్చర్ బతికి లేస్తోందని తేల్చుకున్నాకే బ్యాక్టీరియాను భారీగా పెంచే పెద్ద ఫెర్మెంటర్ తొట్టి వైపు వెళ్లాలి.