భీములవారిపాళెం రేవులో గాలం వేసిన ఉదయం

పులికాట్ సరస్సుకు వెళ్లేవారిలో ఎక్కువమంది సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద కారు ఆపి, ఫ్లెమింగోలను చూసి వెనక్కి వచ్చేస్తారు. నాకు పక్షులకన్నా చేపల మీద మక్కువ. అందుకే డిసెంబరు చివర్లో నేను, మా తమ్ముడు గాలాలు పట్టుకుని తడ మండలంలోని భీములవారిపాళెం పడవల రేవుకు వెళ్లాం.

దారి సులువే. చెన్నై నుంచి సూళ్లూరుపేట వరకు నడిచే లోకల్ రైళ్లు తడలో ఆగుతాయి. సొంత బండి ఉంటే 16వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా రావచ్చు. తడలో దిగాక రేవుకు ఆటోలో వెళ్లాలి. చిక్కంతా తెల్లవారుజామునే. ఆ వేళకు ఆటోలు దొరకవు కాబట్టి ముందు రోజు సాయంత్రమే ఒక ఆటో అతనితో మాట్లాడుకున్నాం. అతను చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే వచ్చాడు.

బస మాత్రం మమ్మల్ని బాధపెట్టింది. సూళ్లూరుపేటలో ఫోనులో మాట్లాడుకున్న గదిని మేం వెళ్లేసరికి వేరేవాళ్లకు ఇచ్చేశారు. మరో లాడ్జిలో చిన్న గదికి ఎక్కువ డబ్బు కట్టాల్సి వచ్చింది. రాకెట్ ప్రయోగాల సమయంలోనూ, పక్షుల పండుగ రోజుల్లోనూ ఊరు కిటకిటలాడుతుంది. కొంత డబ్బు ముందే పంపి, రసీదు తీసుకోవడం మంచిది.

రేవు చేరేసరికి ఇంకా చీకటే. రాత్రి వలలు వేసినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. సరస్సులోని ఇరకం దీవి నుంచి వచ్చిన పడవలో పాల క్యాన్లు, సంచులు, ఊళ్లో పని ఉన్న మనుషులు. దీవివాళ్లకు ఈ రేవే బస్టాండు. పడవలు కట్టే చోట గాలం వేస్తే వాళ్లకు అడ్డం. ఎవరూ చెప్పకుండానే మేం పక్కకు జరిగాం.

ఒక పెద్దాయన తన పడవలో తీసుకెళ్లడానికి ఒప్పుకున్నాడు. ఇంజిను కొద్ది దూరమే నడిచింది. తర్వాత గెడతో నెట్టాడు. ఇంత పెద్ద సరస్సు, మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, అయినా చాలా చోట్ల నడుం లోతే. నా గాలానికి రొయ్య ముక్క ఎర పెట్టి రెండు గంటలు కూర్చున్నాను. ముల్లు నాచులో చిక్కుకోవడం, విడిపించుకోవడం, మళ్లీ వేయడం. చివరికి అరచేతి పొడవు చేప ఒకటి పడితే నీళ్లలో వదిలేశాను.

"గాలానికి లోతు కావాలయ్యా. ఇక్కడ వలే మాట్లాడుతుంది" అంటూ పెద్దాయన విసురు వల అందుకున్నాడు. మోచేతి మీద సగం, భుజం మీద కొంత సర్దుకుని నడుం తిప్పి విసిరితే నీటి మీద గుండ్రంగా పరుచుకుంది. మూడో విసురుకు గుప్పెడు రొయ్యలు, రెండు మండపీతలు. నాకూ నేర్పాడు. నా చేతిలో వల ముద్దగా పడింది. మళ్లీ మడిచి ఇచ్చాడు, విసుక్కోలేదు.

తిరిగి వస్తూ ఆయన చెప్పిన మాటలు ఇంకా వదల్లేదు. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. పోటు నీళ్లు సరిగా రాకపోతే సరస్సులోకి చేపపిల్ల, రొయ్యపిల్ల ఎలా వస్తాయి? ఎండాకాలంలో ఉత్తరం వైపు చాలా మేర ఎండి, ఉప్పు తేలిన నేలగా మిగులుతుంది. పూడిక తీసే పని ఎంత త్వరగా జరిగితే అంత మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ రేవులో కట్టిన ప్రతి పడవా ఆ నీటి మీదే బతకాలి.

వెళ్లేవాళ్లు నీళ్లు, టోపీ, ఏదైనా తినడానికి వెంట తీసుకెళ్లండి. పొద్దెక్కితే గాలి లేస్తుంది కాబట్టి తొమ్మిదిలోపు గట్టుకు చేరండి. పడవలో లైఫ్ జాకెట్ ఉందో లేదో ఎక్కేముందే అడగండి. మా పడవలో ఒకటే ఉంటే ఈత రాని తమ్ముడికి తొడిగించాను. పడవకు ఇచ్చే డబ్బు దగ్గర బేరాలు వద్దు. మనకోసం ఆయన ఒక పూట వేట మానుకుంటాడు.

మండపీతలను అక్కడే కొన్నాం. గోళ్లు దారంతో కట్టి ఇచ్చారు. మధ్యాహ్నం సూళ్లూరుపేటలో ఒక చిన్న హోటలామె వాటిని మిరియాలు దంచి వండిపెట్టింది. తమ్ముడు అప్పుడే ఫోనులో ఆటో అతనితో సంక్రాంతి తర్వాతి ఆదివారం గురించి మాట్లాడుతున్నాడు.