15 వేలలో మొదటి మౌంటెన్ బైక్: ముందు స్ప్రింగు చాలా, వెనకా కావాలా?

రెండు సైకిళ్ల ధరా ఒకటే, సుమారు 15 వేలు. ఒకదానికి ముందు ఫోర్కులోనే స్ప్రింగు ఉంటుంది, వెనక ఫ్రేము గట్టిది. దీన్ని హార్డ్‌టెయిల్ అంటారు. రెండోదానికి సీటు కింద కూడా స్ప్రింగు ఉంటుంది. చూడగానే కన్ను రెండోదాని మీదికే పోతుంది. నా మాట వింటే మొదటిదే కొనండి.

మంచి వెనక షాక్ అబ్జార్బర్‌లో స్ప్రింగు కుంగడాన్నీ, తిరిగి లేవడాన్నీ అదుపు చేసే డ్యాంపర్ ఉంటుంది. ఈ ధరలో దొరికేవాటిలో చాలావరకు ఉత్త స్ప్రింగే. ఎత్తులో గట్టిగా తొక్కితే సైకిల్ కిందికీ మీదికీ ఊగుతుంది, కాలి బలం కొంత ఆ ఊపుకే పోతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు ఎక్కి చూడండి, తేడా తొడలకే తెలుస్తుంది. పైగా బరువెక్కువ. వెనక ఫ్రేము కదిలే కీలు దగ్గర బుష్‌లు, అంటే కీలులో ఉండే చిన్న గొట్టాలు, అరిగితే వెనక చక్రం పక్కలకు కదులుతుంది. మామూలు పంక్చర్ షాపులో సరిపడే బుష్ దొరకడం కష్టం.

హార్డ్‌టెయిల్‌లో వెనక స్ప్రింగుకి పోయే డబ్బు బ్రేకులకీ గేర్లకీ మిగులుతుంది. గతుకుల్లో నడుం అదురుతుంది, నిజమే. టైర్లలో గాలి కాస్త తగ్గించి, రాళ్లు వచ్చినచోట సీటు మీంచి లేచి మోకాళ్లు వంచితే చాలావరకు సర్దుకుంటుంది. మొదట్లోనే ఈ అలవాటు పడితే మంచిది కూడా.

ఏది కొన్నా ఫ్రేము సైజు మాత్రం షాపులోనే చూసుకోండి. సైకిల్‌కి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. హెల్మెట్ డబ్బు ముందే పక్కన పెట్టండి.