కాన్సాస్ సిటీలో ఉద్యోగం ఎటువైపు? తిరుపతిలో కొన్న ఒక నివేదికపై సమీక్ష

మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ పూర్తి చేసి, ఓపీటీ (చదువు ముగిశాక కొంతకాలం అక్కడే పనిచేసేందుకు విద్యార్థులకు ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆ కాలంలో పని లేకుండా మొత్తం మీద 90 రోజులకు మించి ఉండకూడదన్న నిబంధన ఉంది కనుక, ఎక్కడ వెతకాలన్న ప్రశ్న మా ఇంట్లో రోజులు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చింది. ఆ ఆత్రంలోనే ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక కన్సల్టెన్సీకి 2,500 రూపాయలు కట్టి, కాన్సాస్ సిటీ ప్రాంతంలోని ఉద్యోగావకాశాలపై ఆరు పేజీల నివేదిక రాయించుకున్నాను. ఇలాంటి నివేదికలు మన ఊళ్లో చాలాచోట్ల అమ్ముతున్నారు కనుక సంస్థ పేరుతో పనిలేదు. కొనే ముందు ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

కాన్సాస్ సిటీ పేరుతో రెండు నగరాలు ఆనుకుని ఉన్నాయి. పెద్దది మిస్సోరి రాష్ట్రంలోనూ, చిన్నది కాన్సాస్ రాష్ట్రంలోనూ ఉన్నాయి. కొంత దూరం స్టేట్ లైన్ రోడ్డే రెండు రాష్ట్రాలకూ సరిహద్దు. ఆ రోడ్డుకు ఒక పక్క ఇల్లు ఒక రాష్ట్రానిది, ఎదురిల్లు మరో రాష్ట్రానిది. మా అబ్బాయి స్నేహితులతో కలిసి ఉంటున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ కాన్సాస్ వైపు ఉంది.

నివేదిక మొదటి పేజీలో రెండు రాష్ట్రాల ఉద్యోగాల పెరుగుదలనూ, నిరుద్యోగ రేటునూ పక్కపక్కన వేసి, నిరుద్యోగం తక్కువ ఉన్న రాష్ట్రంలోనే వెతుక్కోమని పెద్ద అక్షరాలతో తేల్చేశారు. నా అసంతృప్తి అంతా ఈ పేజీ మీదే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఈ రెండు అంకెలనూ రెండు వేరువేరు మార్గాల్లో తయారు చేస్తుంది. ఉద్యోగాల సంఖ్య సంస్థల జీతాల పట్టికల నుంచి వస్తుంది కనుక, పని ఎక్కడ జరుగుతుందో ఆ రాష్ట్రం ఖాతాలో పడుతుంది. నిరుద్యోగ రేటుకు మాత్రం కుటుంబాలను అడిగి సేకరించే సమాచారం ఆధారం కనుక, మనిషి ఎక్కడ నివసిస్తే ఆ రాష్ట్రం లెక్కలోకి వెళ్తుంది. ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటూ నది పక్కనున్న మిస్సోరి డౌన్‌టౌన్‌లో పనిచేసే వ్యక్తి ఉద్యోగం మిస్సోరి ఖాతాలో పడుతుంది, పని ఉన్న మనిషిగా ఆయన మాత్రం కాన్సాస్ లెక్కలోకి వెళ్తాడు. రెండింటినీ ఒకే వరుసలో పెట్టి ఒకదాన్నుంచి మరొకటి ఊహిస్తే లెక్క తప్పుతుంది.

మన జిల్లావాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. ఉదయం షిఫ్టు వేళ శ్రీసిటీ వైపు వెళ్తే, సత్యవేడు, తడ నుంచి వచ్చే కంపెనీ బస్సుల మధ్యలో తమిళ అక్షరాల బోర్డులతో, టీఎన్ నంబరు ప్లేట్లతో వచ్చే బస్సులూ కనిపిస్తాయి. ఊత్తుకోట వైపు నుంచి వచ్చి ఇక్కడ ఏసీ యంత్రాలు బిగించే అమ్మాయి పని ఆంధ్రలో ఉంది, ఇల్లు తమిళనాడులో ఉంది. మన పరిశ్రమల వార్షిక సర్వే ఆమెను ఫ్యాక్టరీ దగ్గర లెక్కిస్తుంది, కార్మిక బల సర్వే ఇంటి దగ్గర లెక్కిస్తుంది. తిరుపతిలో కూర్చుని నివేదిక రాసేవారికి ఈ ఉదాహరణ కళ్లముందే ఉండగా, ఆ తేడా తట్టకపోవడం నాకు బాధ కలిగించింది.

సరిహద్దు నగరంలో ఉద్యోగాల పెరుగుదల అనే మాటే ఎంత జాగ్రత్తగా చదవాలో ఏఎంసీ సినిమా థియేటర్ల సంస్థ కథ చెబుతుంది. దాని ప్రధాన కార్యాలయం 2013లో మిస్సోరిలోని కాన్సాస్ సిటీ నుంచి కాన్సాస్‌లోని లీవుడ్‌కు, అంటే అదే నగర ప్రాంతంలో సరిహద్దు ఆవలి పక్కకు మారింది. ఆ కార్యాలయ ఉద్యోగాలు కాన్సాస్‌కు పెరుగుదలగానూ, మిస్సోరికి తగ్గుదలగానూ నమోదవుతాయి. ఉద్యోగి మాత్రం అదే ఇంట్లో ఉంటాడు, కొత్తగా ఒక్క మనిషికీ పని దొరికినట్టు కాదు. పన్ను రాయితీలతో ఒకరి కంపెనీలను ఒకరు లాక్కునే ఈ పోటీ ఏళ్ల తరబడి సాగిన తర్వాతే, 2019లో రెండు రాష్ట్రాల గవర్నర్లు దానికి అడ్డుకట్ట వేశారు.

రెండో లోపం, రాష్ట్రమంతటి లెక్కను నగరానికి అంటగట్టడం. కాన్సాస్ అంకెల్లో విచిటా విమాన పరిశ్రమ ఎత్తుపల్లాలు కలిసి ఉంటాయి, మిస్సోరి అంకెల్లో సెయింట్ లూయిస్ ఉంటుంది. పైగా 2020 జనగణన ప్రకారం మిస్సోరి జనాభా దాదాపు 61.5 లక్షలు, కాన్సాస్ జనాభా 29.4 లక్షలు కనుక, ఇద్దరూ ఒకే సంఖ్యలో ఉద్యోగాలు చేర్చినా శాతంలో కాన్సాస్ రెట్టింపు కనిపిస్తుంది. నిజానికి కాన్సాస్ సిటీ ప్రాంతానికి మిస్సోరి భాగం, కాన్సాస్ భాగం అని విడివిడి లెక్కలు అదే గణాంకాల సంస్థ ఉచితంగా ఇస్తోంది. ఇంకో మాట కూడా నివేదికలో ఉండవలసింది: గత నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నించనివారిని నిరుద్యోగులుగా లెక్కించరు కనుక, విసిగి వెతకడం మానేసినవారు పెరిగినా రేటు తగ్గుతుంది.

మెచ్చుకోవలసినది పన్నుల పేజీ. మిస్సోరి వైపు నగరంలో పనిచేసేవారు ఎక్కడ నివసించినా సంపాదనపై 1 శాతం నగర పన్ను కట్టాలనీ, సరిహద్దు దాటి పనిచేస్తే రెండు రాష్ట్రాలకూ రిటర్నులు వేయవలసి వస్తుందనీ స్పష్టంగా, సులభంగా రాశారు. జీతం మాట్లాడుకునే ముందు తెలియవలసిన విషయం అది.

నివేదిక తీసుకుని వెళ్లి ఈ అభ్యంతరాలు చెబితే, రాసిన అమ్మాయి ఓపికగా విని, ‘అందరూ ఏ రాష్ట్రం మంచిదనే అడుగుతారు సార్, నగరం లెక్క ఇంతవరకు ఎవరూ అడగలేదు’ అంది. ‘అడగకపోయినా మీరే ఇవ్వాలమ్మా’ అన్నాను. వారం తిరగకముందే మొదటి పేజీ తీసేసి, నగర ప్రాంతం లెక్కలు రెండు భాగాలుగా వేసి పంపింది, అదనంగా డబ్బు అడగలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలను విడిగా చూపమన్న నా కోరిక మాత్రం ఇంకా తీరలేదు. అందుకే ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. మా అబ్బాయి ఓవర్‌ల్యాండ్ పార్క్ గది మార్చకుండా, దరఖాస్తులు రెండు వైపులా పంపుతున్నాడు.