నాంఫెన్‌లో ఒక్క రోజు: ముందు బడి, తర్వాత పొలం

నన్నడిగితే కంబోడియా రాజధాని నాంఫెన్‌లో తువోల్ స్లెంగ్ (జైలుగా మార్చిన బడి, ఇప్పుడు మ్యూజియం), చోయుంగ్ ఎక్ (ఆ ఖైదీలను చంపి పూడ్చిన పొలం) ఒకే రోజు పెట్టుకోవద్దు. మాకు ఉన్నదే ఒక్క రోజు కాబట్టి తప్పలేదు. బస మాత్రం తువోల్ స్లెంగ్‌కు నడిచివెళ్ళే దూరంలో తీసుకోండి. గది చిన్నదైనా, పొద్దున్నే తెరిచేసరికి జనం లేకుండా చూడొచ్చు. టికెట్‌తో పాటు ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోవాలి. అది లేకపోతే ఖాళీ గదులు చూసి వచ్చేసినట్టే.

గేటు దాటగానే మా ఊరి హైస్కూలు గుర్తొచ్చింది. అవే పొడవాటి వరండాలు, వరసగా గదులు. నిజంగానే అది బడి. 1975లో పోల్‌పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్, అధికారంలోకి వచ్చాక దాన్ని ఎస్-21 అనే రహస్య జైలు చేశారు. దాన్ని నడిపిన దుచ్ ఒకప్పటి లెక్కల మాస్టారు. పిల్లలు కసరత్తు చేసిన దూలానికే ఖైదీలను వేలాడదీశారు.

ఫోటోల గదిలో చాలాసేపు ఉండిపోయాను. వచ్చిన ప్రతి ఖైదీనీ ఫోటో తీసేవారట. అంటే మనం వాళ్ళను చూస్తున్నది చంపినవాళ్ళ కెమెరాలోంచే. వాళ్ళలో ఎక్కువమంది ఖ్మేర్ రూజ్ అనుమానించి పట్టుకున్న సొంత మనుషులే. నిన్నటి కాపలావాడూ, వాడు కొట్టినవాడూ ఒకే గోడ మీద ఉన్నారన్నమాట. అక్కడ ఈ సంగతి గట్టిగా చెప్పినట్టు నాకు అనిపించలేదు.

అలా ఎందుకో మ్యూజియం పుట్టుకలోనే ఉంది. 1979లో వియత్నాం సైన్యం పోల్‌పాట్‌ను తరిమాక, దీన్ని రూపుదిద్దింది మై లామ్ అనే వియత్నాం కల్నల్. కొత్త ప్రభుత్వంలోనూ పాత ఖ్మేర్ రూజ్ వాళ్ళున్నారు. అందుకే పాపమంతా ‘పోల్‌పాట్ ముఠా’ మీదికి నెట్టడం వాళ్ళకు సుఖం. మనుషుల పుర్రెలతో చేసిన కంబోడియా మ్యాప్ ఒకటి గోడకు ఉండేది, 2002లో తీసేశారు. మంచిపనే చేశారు.

చోయుంగ్ ఎక్ ఊరికి 15 కిలోమీటర్లు. దారంతా దుమ్ము, మాస్కు పెట్టుకోండి. అక్కడ చూడ్డానికి గుంతలు, ఒక చెట్టు, పుర్రెలు పేర్చిన గాజు స్తూపం, అంతే. అయినా నాకు ఇదే ఎక్కువ తగిలింది. హెడ్‌ఫోన్లలో అప్పటి పాటలు, జెనరేటర్ మోత వినిపిస్తారు. అరుపులు బయటికి రాకుండా అలా పెట్టేవారట. వానలు పడితే ఇప్పటికీ గుడ్డపేలికలు, ఎముకలు పైకి తేలతాయి.

తిరుగు దారిలో టుక్‌టుక్ అబ్బాయి తుపాకులు పేల్చే చోటు బొమ్మ చూపించి, వెళ్దామా అన్నాడు. ‘‘హోటల్‌కే పోనీ బాబూ’’ అంది మా ఆవిడ తెలుగులోనే. అర్థమైనట్టుంది, మళ్ళీ అడగలేదు.