ఉచిత వీడియో పాఠాలతో ఆండ్రాయిడ్ యాప్ తయారీ: అయిదేళ్ల తర్వాత నా అంచనా

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మైపాడు తీరానికి దగ్గరగా ఉన్న పల్లె. మా నాయన, చిన్నాయన కలిసి నాలుగు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని వనామీ రకం రొయ్యలు సాగు చేస్తున్నారు. 2020 జూన్‌లో నేను బీకాం విద్యార్థిని. కళాశాల మూతపడి ఇంట్లోనే ఉన్నాను. గుంటల మేత లెక్కలు నోటు పుస్తకంలోంచి ఫోనులోకి తేవాలన్న కోరికతో యూట్యూబ్‌లోని ఉచిత పాఠాలు చూడడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ కోర్సుకూ రుసుము కట్టలేదు. అలా తయారైన యాప్‌ను ఈరోజు మా ఇంటివాళ్లే కాక పక్క గుంటలవాళ్లు కూడా వాడుతున్నారు. కాబట్టి ఈ పాఠాలు పనికొస్తాయని నేను గట్టిగా చెప్పగలను. అయితే వీటిలో ఒక లోపం ఉంది. దాన్ని ముందే తెలుసుకుని ఉంటే నా మొదటి ఏడాదిలో సగం మిగిలేది.

ఆ లోపం పాఠం వయసు. నేను మొదట పట్టుకున్నది 2017లో రికార్డు చేసిన, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోని పాఠాల వరుస. చెప్పిన ఆయన చాలా ఓపికగా, తప్పుల్లేకుండా చెప్పారు. కానీ జాబితాలను చూపించే రీసైక్లర్ వ్యూ పాఠానికి వచ్చేసరికి, సిద్ధంగా ఉన్న కోడ్‌ను తెచ్చుకునేందుకు ఆయన రాసిన ఇంపోర్టు వరుసనే అక్షరం పొల్లుపోకుండా నేను రాసినా నా దగ్గర తప్పుగా, ఎర్రగా కనిపించింది. రెండు రోజులు ఆ ఒక్క వరుస దగ్గరే ఆగిపోయాను. సపోర్ట్ లైబ్రరీ అనే పాత సిద్ధ కోడ్ సముదాయం స్థానంలో 2018లో ఆండ్రాయిడ్‌ఎక్స్ వచ్చిందనీ, పేర్లన్నీ మారిపోయాయనీ ఆ వీడియో కింద ఎవరో రాసిన వ్యాఖ్య చూశాకే తెలిసింది. తప్పు ఆయనదీ కాదు, నాదీ కాదు. పాఠం రికార్డు చేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది, పనిముట్టు మాత్రం ఏటా మారుతుంది.

ఆ తర్వాత ఇదే అనుభవం పదే పదే ఎదురైంది. కోట్లిన్ భాషను గూగుల్ 2017లో ఆండ్రాయిడ్‌కు అధికారికంగా అంగీకరించి, 2019లో మొదటి ప్రాధాన్యం ఇచ్చింది; కాబట్టి నేనూ జావా వదిలి కోట్లిన్‌కు మారాను. కొత్త పాఠాల్లో బటన్ ఐడీని నేరుగా పేరుతో పిలిచేవారు. ఆ సౌకర్యం ఇచ్చే ప్లగిన్ (అదనపు భాగం) 2020 చివరికల్లా కొత్త ప్రాజెక్టుల్లో రావడం ఆగిపోయింది. వెనక జరిగే పనులకు అందరూ నేర్పిన అసింక్‌టాస్క్‌ను ఆండ్రాయిడ్ 11తో పక్కన పెట్టారు. 2021 జూలైలో జెట్‌ప్యాక్ కంపోజ్ మొదటి స్థిర వెర్షన్ వచ్చాక తెరను నిర్మించే పద్ధతే మారింది. 2023 నుంచి, యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టుకు ఎంప్టీ యాక్టివిటీ ఎంచుకుంటే వచ్చేది కంపోజ్ ప్రాజెక్టే. తెర రూపాన్ని వేరే లేఅవుట్ ఫైలులో రాసే పాత ఎక్స్ఎమ్ఎల్ పద్ధతి కావాలంటే ఎంప్టీ వ్యూస్ యాక్టివిటీ అని వేరుగా ఎంచుకోవాలి. ఈ ఒక్క ముక్క తెలియక, పాత వీడియోలో కనిపించే లేఅవుట్ ఫైలు తమ దగ్గర లేదని మొదటి రోజే మానేసినవారు నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురున్నారు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందుగా రికార్డు చేసిన సంవత్సరాన్నీ, తెర మీద కనిపించే ఆండ్రాయిడ్ స్టూడియో వెర్షన్‌నూ చూడమంటాను. ఆ వీడియోను ఎంతమంది చూశారన్న అంకె అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది, ఎందుకంటే పాత పాఠాలకే ఆ అంకె పెద్దదిగా ఉంటుంది.

కంప్యూటరు విషయం క్లుప్తంగా చెబుతాను. నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉండేది. కంప్యూటరులోనే ఫోనును అనుకరించే ఎమ్యులేటర్‌ను వీడియోల్లో అందరూ వాడతారు, అది దాని మీద కదలలేదు. ఫోను సెట్టింగుల్లో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ తీగతో ఫోనునే కలుపుకుంటే పని జరుగుతుందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అయినా ఇప్పుడు కొత్తగా కొనేవారు 8 జీబీకి తగ్గకూడదు.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ని కనుక భాష గురించి కూడా చెప్పాలి. ఇంగ్లిషు వీడియోల్లో కోడ్ అర్థమయ్యేది, కారణం అర్థమయ్యేది కాదు. యాక్టివిటీ (యాప్‌లోని ఒక తెర) పుట్టడం, ఆగడం, మళ్లీ లేవడం అన్న క్రమాన్ని నేను నాలుగు ఇంగ్లిషు వీడియోలు చూసి కంఠస్థం మాత్రమే చేశాను. ఒక తెలుగు పాఠం విన్నాక గాని మనసుకు ఎక్కలేదు. కానీ నాకు దొరికిన తెలుగు పాఠాల వరుసలు ఎక్కువగా ప్రాథమిక అంశాల దగ్గరే ఆగిపోయాయి. డేటాబేస్, పరీక్షలు, ప్లే స్టోర్‌లో పెట్టడం వంటివాటికి మళ్లీ ఇంగ్లిషుకే వెళ్లవలసి వచ్చింది. తెలుగులో చెప్పేవారు అక్కడి నుంచి ముందుకు సాగితే మా వంటివారికి ఎంతో మేలు జరుగుతుంది.

వీడియో చూస్తూ వెంట రాయడం వల్ల నేర్చుకున్నామన్న నమ్మకం కలుగుతుంది గాని, నిజమైన పరీక్ష సొంత పనిలోనే ఎదురవుతుంది. పాఠాల్లో చేయించేవి పనుల జాబితా, క్యాలిక్యులేటర్, వాతావరణం చూపే యాప్. నాకు కావలసింది కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) చెబితే ఆ రోజు మేత చెప్పే యాప్. విసురు వలతో పట్టిన మచ్చులో కిలోకు 48 రొయ్యలు తూగితే ఒక్కొక్కటి 20.83 గ్రాములు. గుంటలో 1,60,000 బతికి ఉన్నాయనుకుంటే మొత్తం బరువు సుమారు 3,333 కిలోలు. నా యాప్ 3,200 చూపించింది. చిన్నాయన తన పుస్తకం పక్కన పెట్టుకుని, "నీ ఫోను లెక్క తక్కువ చెబుతోంది అబ్బయ్యా, ఒకసారి చూసుకో" అన్నాడు. కోట్లిన్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం రాలిపోతుందనీ, 1000ని 48తో భాగిస్తే 20 మాత్రమే మిగులుతుందనీ అప్పుడు తెలిసింది. బరువులో 3 శాతం మేత వేసే గుంటకు ఇది రోజుకు 4 కిలోల తేడా. ఈ సంగతిని నేను చూసిన ఒక పాఠం అర నిమిషంలోనే చెప్పి దాటేసింది. చూసినప్పుడు నాకూ అది చిన్న విషయంగానే అనిపించింది.

గుంటగట్టు మీద సిగ్నలు సరిగా అందదు. అందువల్ల వివరాలు ముందు ఫోనులోనే నిలవాలి. ఫోనులోనే వివరాలు దాచే రూమ్ డేటాబేస్ గురించిన పాఠాలు అందుకు నిజంగా ఆదుకున్నాయి. ఈ ఒక్క విషయంలో ఉచిత వీడియోలకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఫోను అడ్డంగా తిప్పితే రాసినదంతా పోవడం, దానికి తెర మళ్లీ తయారైనా వివరాలను నిలిపి ఉంచే వ్యూమోడల్ వాడడం కూడా వాటిలోనే చక్కగా నేర్చుకున్నాను.

ప్లే స్టోర్ దగ్గర మళ్లీ వయసు సమస్యే ఎదురైంది. 25 డాలర్లు ఒకసారి కట్టి, ఫైలు ఎక్కిస్తే చాలునని పాత వీడియోలు చెప్పాయి. నేను 2024 వేసవిలో వ్యక్తిగత ఖాతా తెరిచేసరికి, 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన అలాంటి ఖాతాలవారు ముందుగా 20 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష నడపాలన్న నియమం వచ్చి ఉంది. ఆ సంఖ్యను తర్వాత 12కు తగ్గించారు. మేత దుకాణంలోనూ, గట్ల మీదా తిరిగి ఇరవైమందిని కూడగట్టాను. అందులో ఇద్దరు మధ్యలో తప్పుకోవడంతో మరో ఇద్దరిని చేర్చుకోవలసి వచ్చింది. ఆ రెండు వారాల్లో వాళ్లు చెప్పిన లోపాలే యాప్‌ను నిలబెట్టాయి కనుక ఆ శ్రమ వృథా కాలేదు.

మూడేళ్లుగా నా పద్ధతి మారింది. కొత్త అంశానికి ఒకటి రెండు వీడియోలు చూసి దారి తెలుసుకుంటాను. కోడ్ మాత్రం గూగుల్ ఉచితంగా ఇస్తున్న రాతపూర్వక పాఠాల నుంచీ, అధికారిక పత్రాల నుంచీ తీసుకుంటాను, ఎందుకంటే పనిముట్టు మారినప్పుడు వాటిని సవరిస్తుంటారు. 2025లో ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టుగా యాప్‌ను మార్చినప్పుడు తెర అంచు వరకు పరుచుకునే కొత్త పద్ధతి వల్ల భద్రపరిచే బటన్ కింది నావిగేషన్ పట్టీ వెనక్కి వెళ్లిపోయింది. దాని మీద వెతికిన వీడియోలు రెండూ పాత పద్ధతే చూపించాయి. అధికారిక పత్రంలో, పట్టీల కోసం తెర అంచుల్లో వదలాల్సిన ఖాళీ గురించి చెప్పే ఇన్‌సెట్స్ అధ్యాయం చదివి, ఆ సాయంత్రం మేత వేళకే సరిచేసిన యాప్‌ను చిన్నాయన ఫోనులో పెట్టాను.