‘కట్టెల పొయ్యి పిజ్జా’ బోర్డు చూసి లోపలికి వెళ్లే ముందు: తోటి వినియోగదారులకు ఒక హెచ్చరిక

హైదరాబాదులో మేముండే ప్రాంతంలో ఈమధ్య తెరిచిన ఒక పిజ్జా రెస్టారెంటుకు వెళ్లాలనుకుంటున్న కుటుంబాలకు, ముఖ్యంగా శాకాహారులైన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి, ఈ హెచ్చరిక. కట్టెల పొయ్యిలో కాల్చిన పిజ్జా అని చెప్పి, దానికి తగ్గ ధర తీసుకుని, వెనక వంటగదిలోని కరెంటు ఓవెన్‌లో కాల్చిన పిజ్జా తెచ్చి పెట్టారు. చికెన్ పిజ్జా కోసిన కట్టర్‌తోనే శాకాహార పిజ్జా కోశారు. చివరికి సర్వీస్ ఛార్జీని ఇంకో పేరుతో, మమ్మల్ని అడగకుండానే, బిల్లులో కలిపారు. మా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది కనుక రెస్టారెంటు పేరు రాయడం లేదు. అయితే ఇలాంటి పద్ధతులు ఆ ఒక్క చోటికే పరిమితమని నేను అనుకోవడం లేదు. అందుకే ఏ ఊరివారికైనా పనికొచ్చేలా, ఎక్కడ ఏం చూసుకోవాలో కూడా వివరంగా రాస్తున్నాను.

ముందుగా పొయ్యి సంగతి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా రంగురంగుల పలకలు అతికించిన గుండ్రటి ఇటుక పొయ్యి, దాని కింద వరసగా పేర్చిన కట్టెలు, పొయ్యి నోట్లోంచి నారింజ రంగు వెలుగు కనిపిస్తాయి. పిల్లలు ఫొటో తీసుకుంటామంటే దగ్గరికి తీసుకెళ్లాను. పొయ్యి నోటికి మూరెడు దూరంలో నిలబడినా ముఖానికి వేడి తగలలేదు. లోపల నిప్పు లేదు, బూడిద లేదు. ఓ మూలన అమర్చిన బల్బు మాత్రం వెలుగుతోంది. కింద పేర్చిన కట్టెల మీద దుమ్ము పేరుకుని ఉంది, వెనక వరసలో సాలెగూడు కూడా అల్లుకుంది. వడ్డించే అబ్బాయిని అడిగితే, రద్దీ మొదలయ్యాక వెలిగిస్తామని చెప్పాడు. ఆ సమాధానం నమ్మదగ్గది కాదు. ఇటుక పొయ్యి గ్యాస్ స్టవ్‌లా అనుకున్న వెంటనే వేడెక్కదు. ఇటుకల లోపలిదాకా వేడి పట్టాలంటే గంటల తరబడి మంట ఉండాలి. కాబట్టి సాయంత్రం భోజనాల వేళకు పొయ్యి చల్లగా ఉందంటే ఆ రాత్రికి అందులో ఏదీ కాలదనే అర్థం.

ఆ పొయ్యికి ఎక్కువ ధర చెల్లించడంలో న్యాయం ఉందో లేదో తెలియాలంటే దాని పని తెలియాలి. ఇటలీలోని నేపుల్స్ నగరంలో 1984లో ఏర్పడిన పిజ్జా సంఘం తన నియమాల్లో పొయ్యి వేడి 430 నుంచి 480 డిగ్రీల సెల్సియస్ దాకా ఉండాలనీ, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలనీ చెబుతుంది. అక్కడి పిజ్జా తయారీదారుల ఈ కళను యునెస్కో 2017లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంత వేడిలో, అంత తక్కువ సేపట్లో కాలడం వల్లే అంచు పొంగి, పైన అక్కడక్కడ నల్లటి మచ్చలు పడి, లోపల మెత్తగా ఉంటుంది. మన దగ్గర కట్టెల పొయ్యి నడిపే వాళ్లందరూ ఆ నియమాల ప్రకారమే చేయాలని నేను అనడం లేదు. కాస్త తక్కువ వేడిలో నాలుగైదు నిమిషాలు పట్టినా మంచి పిజ్జా వస్తుంది. మాకు మాత్రం దాదాపు అరగంట పట్టింది. ఎందుకింత ఆలస్యమని అడిగితే, “కట్టెల మంట కదా మేడమ్, నిదానంగానే అవుతుంది” అన్నారు. నిజమైన కట్టెల పొయ్యి విషయం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పిండి ముద్దలు సిద్ధంగా ఉంటే రెస్టారెంటులోని పొయ్యిలన్నిటిలోకీ త్వరగా పని ముగించేది అదే.

పిజ్జా వచ్చాక ఒక ముక్క ఎత్తి అడుగు చూశాను. పాలిపోయిన రంగులో, ఈ చివర నుంచి ఆ చివరి దాకా చిన్న చిన్న గళ్ల అచ్చు పడి ఉంది. అది ఇనుప జాలీ గుర్తు. కదిలే పట్టీ మీద పిజ్జాను ఒక చివర నుంచి మరో చివరికి పంపుతూ కాల్చే కన్వేయర్ ఓవెన్లలో దాన్ని సాధారణంగా ఇలాంటి జాలీ మీద పెట్టి పంపుతారు, కాలేటప్పుడు ఆ గళ్లు అడుగున ముద్ర పడతాయి. కట్టెల పొయ్యిలో పిజ్జాను నేరుగా ఇటుక నేల మీద వేస్తారు కాబట్టి అడుగున ఎగుడుదిగుడు మచ్చలు, మాడిన పిండి పొడి, ఒక్కోసారి కాస్త బూడిద కూడా కనిపిస్తాయి. ఇంతలో వంటగది తలుపు తెరుచుకున్నప్పుడు లోపల స్టీలు కన్వేయర్ ఓవెన్, దాని అవతలి చివర నుంచి బయటికి వస్తున్న పిజ్జా, రెండూ మా వారి కంటబడ్డాయి. కరెంటు ఓవెన్‌లో చేసిన పిజ్జా తినడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు, దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే చాలు. లేని మంటకు డబ్బు తీసుకోవడమే మా అభ్యంతరం. వస్తువు గురించి గానీ సేవ గురించి గానీ అబద్ధపు వర్ణన ఇస్తే అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. బోర్డు మీద, మెనూ మీద రాసిన మాటకు కూడా ఇది వర్తిస్తుందనే నేను ఫిర్యాదులో రాశాను.

పొయ్యిని గుర్తించే విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. లోపలి గోపురానికి మసి లేదు కాబట్టి పొయ్యి వెలిగించలేదని తొందరపడి అనకండి. మంట మొదలైనప్పుడు గోపురం నల్లబడుతుంది, వేడి బాగా పెరిగాక ఆ మసి కాలిపోయి ఇటుకలు మళ్లీ తేటపడతాయి. అనుభవమున్న వంటవాళ్లు ఆ తేటను చూసే పొయ్యి సిద్ధమైందని తెలుసుకుంటారు. కాబట్టి ముఖానికి తగిలే వేడి, లోపల కణకణలాడే నిప్పులు, పక్కకు నెట్టిన బూడిద, ఈ మూడింటినే నమ్మండి. ఇంకో సంగతి: మంట నిజమైనదే అయినా అందులో ఏం కాలుస్తున్నారో చూడటం అవసరం. బాగా ఎండిన సరుగుడు, తుమ్మ, మామిడి, చింత కట్టెలయితే భయం లేదు. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన తలుపు చెక్కలు, సరుకు రవాణాకు వాడి పారేసిన ప్యాలెట్ చెక్కలు పొయ్యి పక్కన కనిపిస్తే అక్కడ తినకండి. విదేశాల నుంచి సరుకుతో వచ్చే చెక్క పెట్టెల మీద గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఒకటి ఉంటుంది. ఆ ముద్రలో ‘ఎంబీ’ అని ఉంటే ఆ చెక్కకు మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం, ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేశారని అర్థం. రెండోది విషం పట్టించినది కాకపోయినా, ఆ చెక్క మీద దారిలో ఏమేం ఒలికాయో ఎవరికీ తెలియదు కనుక అది కూడా వంటకు పనికిరాదు.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం. మా అత్తగారు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాంసం ముట్టని మనిషి. ఆమె కోసం పుట్టగొడుగుల పిజ్జా, పిల్లల కోసం చికెన్ పిజ్జా చెప్పాం. వడ్డించే అబ్బాయి మా బల్ల దగ్గరే ముందు చికెన్ పిజ్జా కోసి, అదే చక్రాల కట్టర్‌ను తుడవనైనా తుడవకుండా పుట్టగొడుగుల పిజ్జా మీద తిప్పాడు. అప్పటికే ఒక ముక్క చేతిలోకి తీసుకున్న అత్తగారు, “బాబూ, ఆ చక్రానికి అంటుకున్నదేమిటి?” అని అడిగారు. చక్రం పిడి దగ్గర చికెన్ పీచు ఒకటి అతుక్కుని ఉంది. ఆ అబ్బాయి దాన్ని వేలితో తీసేసి, “ఏం కాదు అమ్మా, తినండి” అన్నాడు. ఆమె మరో మాట మాట్లాడకుండా ముక్కను ప్లేటులో పెట్టేసి, ఆ పూట మంచినీళ్లతో సరిపెట్టుకున్నారు. పిజ్జా మార్చి ఇవ్వమని అడిగితే, శాకాహారానికి వేరే కట్టర్ లేదనీ, లోపల ఓవెన్ జాలీలు కూడా అన్నిటికీ అవేననీ మేనేజరు చెప్పారు. శాకాహారాన్నీ మాంసాహారాన్నీ కలవకుండా వేరువేరుగా ఉంచాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అయినా ఇది నిబంధనలతో ముగిసే విషయం కాదు. ఒక పెద్దావిడ జన్మంతా నిలుపుకున్న నియమాన్ని వేలితో తుడిచేసి ‘ఏం కాదు’ అనడం నేను సహించలేను. శాకాహారులతో వెళ్లేవారు ఆర్డరు ఇవ్వకముందే కట్టర్, పిండి మీద చల్లే సరంజామా, పొయ్యిలోకి తోసే గరిటె వేరుగా ఉన్నాయా అని అడగండి; అడిగి ఊరుకోకుండా చూపించమనండి.

శాకాహారులే తెలుసుకోవలసింది మరొకటి ఉంది. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజ్జానో జున్ను తయారీలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. ‘దిగుమతి పార్మెజాన్’ అని మెనూలో గొప్పగా రాసి ఉంటే అది ఏ రకమో అడగడం మంచిది. మన దేశంలో తయారయ్యే చీజ్‌లలో ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది కనుక ఈ బెడద సాధారణంగా ఉండదు. పిజ్జా మీద సాగే మొజరెల్లా చీజ్ విషయంలో అనుమానం వేరు. పాలకొవ్వుకు బదులు పామాయిల్ లాంటి నూనెలతో చేసే అనలాగ్ అనే సరుకు బజారులో దొరుకుతుంది. దాన్ని చీజ్ అని అమ్మకూడదు, ప్యాకెట్ మీద అది అనలాగ్ అని స్పష్టంగా ఉండాలి. కరిగిన తర్వాత బల్ల దగ్గర కంటితో చూసి ఖాయంగా చెప్పడం కష్టం కాబట్టి ప్యాకెట్ చూపించమనడం ఒక్కటే దారి. మా పిజ్జా మీదిది చల్లారాక రబ్బరులా బిగుసుకుపోయింది. ప్యాకెట్ చూపమని అడిగితే కుదరదన్నారు. అది అనలాగేనని నేను అనలేను. చూపడానికి ఎందుకు వెనకాడారన్నది మాత్రం ఆహార భద్రతా అధికారులు అడగవలసిన ప్రశ్న.

బిల్లు దగ్గర జరిగింది లెక్కతో సహా చెబుతాను. తిన్నవీ తాగినవీ కలిపి 2,400 రూపాయలు. దాని కింద ‘హాస్పిటాలిటీ ఫీజు’ పేరుతో 10 శాతం, అంటే 240. ఆ రెండూ కలిపిన 2,640 మీద 5 శాతం జీఎస్టీ 132. మొత్తం 2,772. ఆ ఫీజు లేకపోతే 2,520 అయ్యేది. మెనూలో ఎక్కడా ఆ ఫీజు ప్రస్తావన లేదు. తీసేయమంటే, “ఇది మా పాలసీ మేడమ్, అందరూ కడుతున్నారు” అని మేనేజరు జవాబిచ్చారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జీని తమంతట తాముగా బిల్లులో కలపకూడదు. ఇంకే పేరుతోనూ వసూలు చేయకూడదు. దాన్ని కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. అది పూర్తిగా ఐచ్ఛికమని ముందే చెప్పాలి. రెస్టారెంట్ల సంఘాలు దీన్ని సవాలు చేయగా ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న మార్గదర్శకాలనే సమర్థించింది. సంఘాలు ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లాయి కూడా. వడ్డించిన మనిషికి మీరు ఇష్టపడి ఇచ్చే టిప్పుకు దీనితో సంబంధం లేదు, అది నేరుగా ఆ మనిషి చేతికే ఇవ్వండి.

ఇంటికి వచ్చాక బిల్లు మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే ఆ రెస్టారెంటు చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పథకంలో ఉన్నట్టు కనిపించింది. ఆ పథకంలో ఉన్నవారు పన్నును తమ జేబులోంచే కట్టాలి, కొనుగోలుదారు దగ్గర జీఎస్టీ అని విడిగా వసూలు చేయకూడదు. అంటే మా దగ్గర తీసుకున్న ఆ 132 రూపాయలకు కూడా వాళ్లకు హక్కు లేదు. ఎవరైనా ఇలా సరిచూసుకోవచ్చు. పదిహేను అంకెలూ అక్షరాలూ ఉండే ఆ నంబరు తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా ఉండాలి, ఇది 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. మాకిచ్చిన బిల్లులో అది లేదు. కొన్ని చోట్ల తెల్ల కాగితం మీద మొత్తం రాసిచ్చి యూపీఐ చేయమంటారు, అలా ఒప్పుకోకండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే.

ఫిర్యాదు చేయాలనుకునేవారు రెస్టారెంటు దాటకముందే బిల్లును, మెనూలోని ధరల పేజీని, పొయ్యిని, ప్లేటులోని పిజ్జా అడుగును ఫొటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీది బిల్లు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. మేము ముందు అక్కడే నమోదు చేశాం. కట్టర్, చీజ్ సంగతులు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో విడిగా పెట్టాం, ఎందుకంటే శుభ్రతను తనిఖీ చేసే అధికారం ఆహార భద్రతా అధికారులది. హెల్ప్‌లైన్‌తో పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కోర్టు రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు మాత్రం దాఖలు చేయాలి.